మూతి, చెయ్యి, మాట
(బొగ్గుబాయి ముచ్చట్లు – 17)



పోయినసారి కాంట్రాక్టు కార్మికుల జీతాల గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేసిన్రు. దాని రెండో భాగం రాస్తానని మాటిచ్చిన. అది వచ్చే వారం. ఈ వారం ఒక రోగం గురించి రాయాలె. "రోగం గురించి డాక్టర్లు రాయాలె, తెలుగు పంతులు రాసుడేంది" అని మీలో కొందరు అంటరని తెలుసు. అందుకే రోగానికి ఉన్న పేరు దగ్గర మొదలుపెడత. పేర్లు నా పనే కాబట్టి.

పక్షవాతం. పక్షం అంటే ఒక వైపు. రెక్క అని కూడా అర్థం. వాతం అంటే గాలి. ఒంట్లో ఒక వైపు గాలి కొట్టింది అని ఆ మాట చెప్తది. ఆయుర్వేదం దీన్ని వాతరోగాల లెక్కల కట్టింది. ఇంగ్లీషోళ్లు స్ట్రోక్ అన్నరు, దెబ్బ అని అర్థం. అది కూడా దేవుడు కొట్టిన దెబ్బ అనే నమ్మకంలోంచి పుట్టిన మాటే. మా శ్రీరాంపూర్ దిక్కు పచ్చవాతం అంటరు, కాలు చెయ్యి పడిపోయింది అంటరు, ముసలోళ్లయితే గాలి సోకింది అంటరు. గాలి సోకింది అన్నంక తాయెత్తు కట్టెటోడు వస్తడు. పక్షం అన్న మాట జనం నోట్ల పక్షి అయింది గావచ్చు, పావురం నెత్తురు తెచ్చి పడిపోయిన చేతికి రుద్దే వైద్యం ఇప్పటికీ నడుస్తున్నది. పావురం నెత్తురు వేడిగుండాలె అని బతికున్న దాన్నే పట్టుకొస్తరు.

ఇన్ని పేర్లల్ల ఏ ఒక్క పేరుల కూడా తలకాయ ఊసు లేదు. చెయ్యి పడిపోతే చేతికి నూనె రాసుడు, కాలు పడిపోతే కాలుకు కాపడం పెట్టుడు. చెయ్యి మంచిగనే ఉన్నది. ఆ చేతిని ఆడించే మెదడు ముక్కకు నెత్తురు అందుతలేదు. కరెంటు పోయింది ట్రాన్స్‌ఫార్మర్ కాడ, మనం ఇంట్ల బల్బు తుడుస్తున్నం.

మా చిన్నబాపు కథ చెప్త. శ్రీరాంపూర్ ఏరియాల ఒక అండర్‌గ్రౌండ్ బాయిల సపోర్ట్‌మన్ పని. ఇరవై ఏడేండ్లు బాయి కప్పు కూలకుండ కాపలా కాసిన మనిషి. ఒకనాడు ఫస్ట్ షిఫ్ట్‌కు పోదామని అయిదు గంటలకే లేచిండు. చిన్నమ్మ చాయ్ ఇస్తే గ్లాసు కుడిచేతిల నిలువలే, కింద పడ్డది. ఏందని అడిగితే ఏదో అన్నడు గానీ మాట ముద్దముద్దగ వచ్చింది. గోడకున్న గడియారంల అయిదుంబావు దాటింది, ఆ సంగతి చిన్నమ్మకు బాగ యాదికున్నది. రాత్రి కొంచెం తాగిండు గదా, దిగలేదేమో అనుకున్నది. ఈ రోజు నాగా పెట్టు అని పండుకోబెట్టింది. ఆరున్నరకు లేపితే కుడికాలు మంచం దిగలే.

ఏడింటికి ఆర్‌ఎంపీ వచ్చిండు. సూది వేసిండు, సెలైన్ బాటిల్ ఎక్కించిండు. బాటిల్ అయిపోయేసరికి తొమ్మిది. ఆటోల మంచిర్యాలకు తెచ్చేసరికి పది. అక్కడ ఒక ప్రైవేటు దవాఖానల చేర్చుకున్నరు, డబ్బులు కట్టించుకున్నరు, నెత్తురు పరీక్షలు రాసిన్రు. ఆ దవాఖానల స్కానింగ్ మిషన్ లేదన్న సంగతి పన్నెండింటికి చెప్పిన్రు. కరీంనగర్ పోయేసరికి రెండుంబావు. అక్కడి డాక్టరు స్కాన్ చూసి మా తమ్ముణ్ణి అడిగిన మొదటి మాట: "ఎన్ని గంటలకు మొదలైంది?"

తొమ్మిది గంటలు అయింది అప్పటికి. "నాలుగున్నర గంటల్లోపు వస్తే ఒక సూది ఉండె," అన్నడట ఆ డాక్టర్. తమ్ముడు నాకు ఫోన్ చేసి చెప్పింది ఇదొక్కటే. "అన్నా, టైం అడుగుతున్నరు. టైం ఎందుకు అడుగుతున్నరే?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

మెదడుకు పోయే నెత్తురు రెండు తీర్ల ఆగుతది. ఒకటి, నరాన్ని ఒక గడ్డ మూసేస్తది. నరం అంటే మన వాడుకల చెప్తున్న, ధమని అనాలె. నూటికి సుమారు 85 ఇట్లనే వస్తయి. రెండోది, నరం చిట్లి మెదడు లోపల నెత్తురు కారుతది. బయటికి రెండూ ఒకే తీరుగ కనబడతయి. మూతి అట్లనే వంకర పోతది, చెయ్యి అట్లనే పడిపోతది. ఏది ఏదో చెయ్యి పట్టుకొని చెప్పే వైద్యుడు భూమ్మీద లేడు, ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా సరే. తలకాయకు సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తది. గడ్డ కట్టిందని తేలితే ఆ గడ్డను కరగదీసే మందు నరంలకు ఎక్కిస్తరు. ఆల్టెప్లేస్, టెనెక్టెప్లేస్ అని పేర్లు. ఈ మందు పనిచేస్తదని 1995ల అమెరికాల జరిగిన పరిశోధన తేల్చింది. మొదట మూడు గంటల గడువు పెట్టిన్రు, తర్వాత నాలుగున్నర గంటల దాకా పెంచిన్రు. అది కూడా మామూలుగ ఆఖరి హద్దు. నాలుగో గంటల ఇచ్చిన సూది కంటే మొదటి గంటల ఇచ్చిన సూది చాలా ఎక్కువ మేలు చేస్తది. పెద్ద నరం మూసుకపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి కూడా ఉన్నది. దానికి ఆరు గంటలు, కొందరికి స్కాన్ చూసి 24 గంటల దాకా. కానీ అది పెద్ద నగరాల ముచ్చట.

పెద్ద నరం మూసుకపోయినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు చస్తయని 2006ల జెఫ్రీ సేవర్ అనే డాక్టర్ లెక్కగట్టిండు. చిన్నబాపు తొమ్మిది గంటలను ఈ లెక్కల గుణిస్తే వంద కోట్లు దాటుతది. ఇది సగటు లెక్కే, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క తీరు ఉంటది. అయినా సెలైన్ బాటిల్ కారిన రెండు గంటలు ఎంత ఖరీదో అంచనా కట్టుకోవచ్చు.

ఇప్పుడు గుర్తుపట్టే సంగతి. పిల్లలకు క్లాసుల నేను మూడు మాటలు చెప్తున్న: మూతి, చెయ్యి, మాట. మనిషిని నవ్వమనాలె. మూతి ఒక దిక్కుకు పోతున్నదా, ఒక పక్క జారిందా చూడాలె. రెండు చేతులు ముందుకు చాపి కండ్లు మూసుకొని పది లెక్కబెట్టే దాకా ఉంచమనాలె. ఒక చెయ్యి దానంతట అది కిందికి దిగుతున్నదా చూడాలె. ఒక వాక్యం చెప్పమనాలె. "ఇయ్యాల ఫస్ట్ షిఫ్ట్, టిఫిన్ గిన్నె కట్టు" అన్నా చాలు. మాట ముద్దయిందా, ఒకదానికి ఒకటి మాట్లాడుతున్నడా, మనం చెప్పింది అర్థం అయితలేదా. మూడిట్ల ఒక్కటి తప్పినా 108. మూడూ తప్పేదాకా ఆగే పని లేదు.

వీటితోని పాటు, ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోయినా, ఒకటి రెండుగా కనబడ్డా, నడుస్తుంటే ఒక దిక్కుకు ఒరిగినా, ఎన్నడూ లేనంత తలనొప్పి పిడుగు లెక్క వచ్చినా అదే దారి. "ఉన్నట్టుండి" అన్న మాటను గట్టిగ పట్టుకోవాలె. నెలల తరబడి ఉన్న తిమ్మిరి వేరు, గ్లాసు పట్టుకున్న చెయ్యి గ్లాసును ఇడిసిపెట్టుడు వేరు.

ఇంకో మోసం ఉన్నది. కొందరికి పది నిమిషాల్ల, అరగంటల అన్నీ సర్దుకుంటయి. మూతి సక్కగయితది, మాట వస్తది. "పోయింది లే" అని చాయ్ తాగి పనికి పోతరు. గడ్డ వచ్చి దానంతట అది కరిగిందన్న మాట. తర్వాతి రోజుల్ల, ముఖ్యంగ మొదటి రెండు రోజుల్ల, పెద్దది వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. తగ్గిపోయినా అదే రోజు దవాఖానకు పోవాలె. నేనైతే దీన్ని ఇంటి ముందు వరకు వచ్చి వెనక్కి పోయిన దొంగతోని పోలుస్త. వాడు దారి చూసుకొని పోయిండు.

పొద్దున లేచేసరికే పడిపోయి ఉంటే టైం ఎట్ల చెప్పాలె? ఆ మనిషి ఆఖరుసారి మంచిగ ఎప్పుడు కనబడ్డడో ఆ టైం చెప్పాలె. రాత్రి రెండింటికి లేచి మంచినీళ్లు తాగి మంచిగ మాట్లాడి పండుకుంటే రెండు గంటలు అని చెప్పాలె. ఫోన్‌ల రాసుకోండి, అర చేతిల రాసుకోండి. కంగారుల మొదట మర్చిపోయేది అదే.

ఇక చెయ్యకూడనివి. తాగనీకి నీళ్లు ఇయ్యొద్దు, అన్నం పెట్టొద్దు, గోలీ మింగియ్యొద్దు. గొంతు కూడా పడిపోయి ఉంటది, మింగింది ఊపిరితిత్తులకు పోతది. గుండెపోటుకు ఆస్పిరిన్ ఇస్తరు గదా అని దీనికి కూడా ఇచ్చేటోళ్లున్నరు. లోపల నరం చిట్లి ఉంటే అది నెత్తురును ఇంకా కారిస్తది. బీపీ ఎక్కువున్నదని నాలుక కింద గోలీ పెట్టి దించుడు కూడా తప్పు. ఆ టైంల మెదడు ఎక్కువ ఒత్తిడితోనే ఇంత నెత్తురు గుంజుకుంటున్నది, దాన్ని ఒక్కసారిగ పడగొడితే మిగిలింది కూడా అందది. గ్లూకోజ్ బాటిల్ అసలే వద్దు. వాంతి వచ్చేటట్టుంటే ఒక పక్కకు తిప్పి పండుకోబెట్టాలె. షుగర్ మందులు వాడే మనిషైతే ఆ సంగతి 108 వాళ్లకు మొదలే చెప్పాలె, షుగర్ బాగ పడిపోయినా ఇట్లనే కనబడతది, వాళ్లు చుక్క నెత్తురు తీసి చూస్తరు.

ఆర్‌ఎంపీ మీద కోపంతోని ఇది రాస్తలేను. ఆయన గురించి ఒక మాట చెప్పాలె. మా గుడిసెలల్లకు వచ్చి, మా మంచం మీద కూసొని, మా ఇంట్ల నీళ్లు తాగి, మా చిన్నమ్మను "అక్కా" అని పిలిచే డాక్టరు ఆయన ఒక్కడే. అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతడు, అప్పు పెడతడు. చదువుకున్నోళ్లు "నాటు డాక్టర్లను ఎందుకు నమ్ముతరు" అని ఎక్కిరిస్తరు. ముట్టుకునే చేతిని నమ్ముతరు, ఇంకేముంది! మన పని ఆయనను తిట్టుడు కాదు, ఆయన కాడికి పోయి "అన్నా, మూతి చెయ్యి మాట తప్పితే నువ్వు బాటిల్ పెట్టకు, 108కు నువ్వే ఫోన్ కొట్టు" అని కూసుండబెట్టి చెప్పుడు. నేను మా వాడల ఇద్దరికి చెప్పిన. ఒకాయన విన్నడు.

దీనికి అవతలి కొస చూడండి. చిన్నబాపును తీసుకపోయిన ఆ మొదటి దవాఖానల కౌంటర్ కాడి పోరడు, మా తమ్ముని కంటే చిన్నోడు, అడిగిన మొదటి మాట "తాగిండా?" రెండో మాట "ఏయ్, చెయ్యి లేపు." యాభై ఆరేండ్ల మనిషిని. మాట ముద్దగ వస్తే, నడక తప్పితే, ఒక ఆఫీసర్ క్వార్టర్ నుంచి వచ్చిన మనిషికి స్ట్రోక్ అనుకుంటరు. చెయ్యి కాయలు గాసి, గోర్లల్ల బొగ్గు నలుపు ఉన్న మనిషికి తాగుడు అనుకుంటరు. ఈ అనుమానం ఎంత లోతుకు పోయిందంటే, మా చిన్నమ్మే మొదట అదే అనుకున్నది. తన మొగన్ని తాగుబోతుగ చూసే చూపు ఆమెకు కూడా బయటి నుంచే వచ్చి చేరింది. మనలో ఎవరు మాట తడబడి ఒరిగి పడిపోయినా, రాత్రి తాగినా తాగకున్నా, చేతులు లేపమని చూడండి. తాగినోనికి రెండు చేతులూ ఊగుతయి. ఒక్క చెయ్యే దిగితే అది తాగుడు కాదు. అనుమానం తేలకపోతే స్ట్రోక్ అనుకొనే పోవాలె. తాగినోనికి కూడా స్ట్రోక్ వస్తది.

మా ఏరియా దూరాల లెక్క చెప్త. శ్రీరాంపూర్ నుంచి మంచిర్యాల అర్ధగంటకు లోపే. గోదావరి వంతెన దాటితే గోదావరిఖని. కరీంనగర్ సుమారు 80 కిలోమీటర్లు. హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైన. మంచిర్యాలల 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది. కాబట్టి నాలుగున్నర గంటలు మనకు చాలవు అనేది అబద్ధం. బాటిల్ కారకపోతే, తప్పుడు దవాఖాన మెట్లు ఎక్కకపోతే, కరీంనగర్ దాకా పోయినా టైం మిగులుతది. మీరు ఏ ఊరోళ్లయినా ఇవ్వాళే, అందరూ మంచిగున్నప్పుడే, దగ్గర్ల ఉన్న దవాఖానలకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: సీటీ స్కాన్ రాత్రిపూట కూడా నడుస్తదా? స్ట్రోక్‌కు గడ్డ కరిగించే సూది మీ కాడ ఇస్తరా? ఆరోగ్యశ్రీ తీసుకుంటరా? ఆ సూది ఖరీదు వేలల్ల ఉంటది. 2007ల మొదలైన ఆరోగ్యశ్రీ హద్దును 2023 డిసెంబర్ల తెలంగాణల పది లక్షలకు పెంచిన్రు. అది ఏ దవాఖానల ఏ రోగానికి పనిచేస్తదో పడిపోయినంక కాదు, ముందు తెలుసుకోవాలె. రాసి ఇంట్ల తలుపు ఎనుక అతికించండి. 108 వాళ్లకు ఇంటి గుర్తులు చెప్పుడు కూడా ఒక చదువే. క్వార్టర్లకు నంబర్లు ఉంటయి, గుడిసెలకు ఉండయి. "పోచమ్మ గుడి ఎనుక, నీళ్ల ట్యాంక్ కాడ మనిషి నిలబడి చెయ్యి ఊపుతడు" అని చెప్పి ఒకర్ని నిజంగనే రోడ్డు మీద నిలబెట్టాలె.

ఇట్లనే చేసిన పిల్ల ఒకతి ఉన్నది. డిగ్రీ రెండో సంవత్సరం, నా క్లాసుల ఎనుక బెంచీల కూసుంటది. వాళ్లమ్మ కాంట్రాక్టు కింద ఊడ్చే పని చేస్తది. ఊడ్చే పని, మోరీల పని మా కాడ ఏ వాడోళ్లు చేస్తరో మీకు చెప్పే అవసరం లేదు. పొద్దున ఆరు నలభైకి చీపురు చేతిలకెళ్లి జారింది. పక్కన పనిచేసే ఆమె "ఎండదెబ్బ" అన్నది, నవంబర్ చలిల. పిల్ల ఇంటి నుంచి ఉరికి వచ్చి నవ్వమన్నది, చేతులు లేపమన్నది, 108కు ఫోన్ కొట్టింది. మేస్త్రీ "ముందు అటెండెన్స్ కాడ చెప్పిపోవాలె" అంటే ఆ పిల్ల ఏమన్నదో ఇక్కడ రాయలేను, తిట్లల్ల కూడా మంచి తెలుగు ఉంటది. అంబులెన్స్‌ల కూసొని "ఆరు నలభై, ఆరు నలభై" అనుకుంట పోయిందట. తొమ్మిది దాటక ముందే సూది పడ్డది. వాళ్లమ్మ ఇప్పుడు నడుస్తది, మాట్లాడుతది. ఎడమ చెయ్యి కొంచెం బలం తక్కువ. నలభై రోజులు పనికి పోలేదు కాబట్టి నలభై రోజుల కూలి పోయింది. ఆ జాగల ఇంకొకామెను పెట్టుకున్నడు కాంట్రాక్టర్, మళ్లీ పనిల చేర్చుకోనీకి కాలనీ ఆడోళ్లంతా పోయి కూసోవలసి వచ్చింది. ఒక్క కాగితం లేదు, సెలవు లేదు, నష్టపరిహారం లేదు.

ఇప్పుడు మన బొగ్గుబాయిల మీద బతికేటోళ్లు బయట చెప్పుకోని ముచ్చట ఒకటి చెప్పాలె. పర్మినెంట్ కార్మికునికి పక్షవాతం వస్తే మెడికల్ బోర్డు ముందు నిలబెడతరు. పనికి పనికిరాడు అని తేలితే, అన్‌ఫిట్ అంటం మనం, ఇంట్ల వారసునికి నౌకరి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017ల హైకోర్టు కొట్టేసింది, 2018ల కారుణ్య నియామకాల పేరుతోని మళ్లీ మొదలైంది. అన్‌ఫిట్ చేసే రోగాల జాబితాల పక్షవాతం ఉన్నది. ఈ హక్కు కోసం కార్మికులు కొట్లాడిన్రు, నేను దానికి వ్యతిరేకం కాదు. బాయిల ఆరోగ్యం పోగొట్టుకున్న మనిషి ఇంటికి అది కనీస న్యాయం. 1990ల మొదట్ల లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇవ్వాళ నలభై వేల దగ్గరికి వచ్చినంక, బీటెక్ చదివిన పిల్లలు ఖాళీగ ఉన్నంక, బాపు రోగం ఒక్కటే నౌకరి దారి అయింది. దాని ఫలితం ఏమయితున్నదో కూడా చూడాలె.

చిన్నబాపు దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మూడో రోజు పరామర్శకు వచ్చిన చుట్టం ఒకాయన మంచం పక్కన కూసొని, "పోనీలే, ఒక తీరుగ మంచిదే అయింది, పోరనికి నౌకరి అయితది" అన్నడు. మంచి మనసుతోనే అన్నడు, ఓదార్పు అనుకొని అన్నడు. చిన్నబాపుకు మాట రాదు గానీ చెవులు వినబడతయి. ఎడమచేత్తోని దుప్పటి మొకం మీదికి గుంజుకున్నడు. మా తమ్ముడు లేచి బయటికి పోయిండు. ఏడాది దాటినంక వానికి నౌకరి వచ్చింది. అదే ఏరియా. ఇప్పుడు వాని టిఫిన్ గిన్నె చిన్నమ్మ కడుతది.

బీపీ గురించి పెద్దగ రాసేది లేదు, మీకు తెలిసిందే. పై అంకె 140, కింద అంకె 90 దాటి అట్లనే ఉంటే మందు కావాలె. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే, దాని ఎనుక షుగర్, బీడీ సిగరెట్లు, తాగుడు, గుండె లయ తప్పుడు. పల్లె దవాఖానలల్ల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలల్ల బీపీ గోలీలు పైస లేకుండ ఇస్తరు. "ఒక్కసారి మొదలుపెడితే జీవితమంతా వేసుకోవాలె" అని భయపడి మొదలే పెట్టనోళ్లు, మంచిగనే ఉన్న గదా అని నడుమ ఆపేసినోళ్లు మా వాడల ఇంటికొకరు ఉన్నరు. బీపీ నొప్పి పెట్టదు, అదే దాని ఎత్తు. చిన్నబాపు గోలీలు అయిపోయి రెండు నెలలు. షిఫ్టుల మధ్య దవాఖాన లైన్ల నిలబడే తీరిక దొరకలే. విద్యార్థి సంఘాల మిత్రులను ఒకటి అడుగుత. ఏప్రిల్ 14న దండలు వేస్తం, డీజే పెడతం. అదే టెంటు కింద ఒక టేబుల్, ఒక బీపీ మిషన్, నర్సింగ్ చదివే మన పిల్లలు ఇద్దరు. వచ్చినోళ్ల చేతికి పట్టీ చుడితే చాలు.

జయంతుల ముచ్చట వచ్చింది కాబట్టి ఫూలే గురించి. 1888 మే 11న ముంబైల సభ పెట్టి ఆయనకు మహాత్మ అనే పేరు ఇచ్చిన్రు. ఆ ఏడాదే, జూలైల, పక్షవాతం తగిలి కుడి పక్క పడిపోయింది. ఆయన ఎడమచేత్తోని రాసుడు నేర్చుకొని సార్వజనిక సత్యధర్మ పుస్తకం పూర్తి చేసిండు. 1890 నవంబర్ 28న చనిపోయిండు, పుస్తకం 1891ల అచ్చయింది. ఏప్రిల్ 11 ఉపన్యాసాలల్ల ఈ ఎడమచేతి సంగతి చెప్పి చప్పట్లు కొట్టిస్తం. నేను కూడా కొట్టిన. కానీ చిన్నబాపును చూసినంక ఆ చప్పట్లు నాకు నచ్చుత లేవు. కుడిచెయ్యి మంచిగుంటే ఆయన ఇంకెన్ని రాస్తుండెనో అని ఎవరూ అడగరు. 1888ల ఫూలేకు ఆ సూది లేదు, సీటీ స్కాన్ లేదు, ఆ మందు పనిచేస్తదని తేలనీకి ఇంకా 107 ఏండ్లు పట్టింది. ఆయన ఓర్చుకున్నది వేరే దారి లేక. మనకు దారి ఉన్నది. ఓర్పును పొగుడుడు మాని అంబులెన్స్‌కు ఫోన్ చేసుడు నేర్చుకుందాం.

టైం దాటిపోయిన ఇంట్ల కూడా పని ఆగది. మొదటి మూడు నెలలు మెదడు కొత్త దారులు బాగ వెతుక్కుంటది, ఆ తర్వాత కూడా మెల్లగ వెతుకుతనే ఉంటది. ఆ రోజులల్ల పసరు కోసం ఊర్లు తిరుగుడు కంటే ఫిజియోథెరపీ రోజూ చేయించుడు ముఖ్యం. మంచంలనే ఒకే పక్క పండుకోనిస్తే పుండ్లు పడతయి, రెండు గంటలకొకసారి ఒత్తిగిలబెట్టాలె. మాట పోయినోళ్లకు బుద్ధి పోయిందనుకొని వాళ్ల ముందట నోటికొచ్చింది మాట్లాడొద్దు.

మాట గురించి ఒక సంగతి. 1861ల పారిస్‌ల పాల్ బ్రోకా అనే వైద్యుడు, అన్నీ అర్థమయి కూడా ఒక్క పలుకు తప్ప ఏదీ పలకలేని రోగి చనిపోయినంక మెదడు తెరిచి చూసి, మాట పుట్టే జాగ ఎడమ దిక్కు ముందట ఉంటదని చూపిచ్చిండు. చాలామందికి మాట ఎడమ మెదడుల ఉంటది. కుడి చెయ్యిని ఆడించేది కూడా ఎడమ మెదడే. అందుకే కుడిచెయ్యి, మాట కలిసే పోతయి. కానీ పాట పూర్తిగ ఎడమ దిక్కుది కాదు. మాట పోయిన మనుషులు పాట పాడగలుగుడు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు, పాట నుంచి మాటను రాబట్టే వైద్యం కూడా ఉన్నది.

చిన్నబాపు వయసుల ఉన్నప్పుడు యూనియన్ కళాబృందంల డప్పు పట్టుకొని పాడిండు. నాలుగో నెలల ఒకనాడు చిన్నమ్మ బియ్యం చాటేసుకుంట ఏదో కూనిరాగం తీస్తుంటే ఎనుక నుంచి అందుకున్నడట. చరణం మొత్తం, ఒక్క అక్షరం తప్పకుండ. చిన్నమ్మ చాట కింద పడేసి వాడంతా పిలిచింది. ఆమె పేరు మాత్రం ఇంకా పలకలేడు. దవాఖానల ఒక ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు ఇప్పుడు పాటలకెళ్లి మాటలోకి దిగే పని నడుస్తున్నది. నీళ్లు కావాలంటే నీళ్లు ఉన్న చరణం ఎత్తుకుంటడు. ఆ మాట దగ్గరికి వచ్చి ఆగుతడు. చిన్నమ్మ గ్లాసు ఎడమచేతికి అందిస్తది.